లాంచీలో దొరికిన సమాధానం – హెరాల్డ్ బ్లాక్ జీవిత కథ

మన హాస్టల్ వార్షికోత్సవం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది మైకు సెట్టు. వెనక వరుసలో కూర్చున్న వాళ్లకు వినపడడం లేదని ఎవరో ఒకరు వాల్యూమ్ పెంచుతారు. కొంతవరకు శబ్దం పెరుగుతుంది. ఆ తరువాత పెరగదు, బొంగురు పోతుంది. ఇంకా పెంచితే వేదిక మీద ఎవరు ఏం మాట్లాడుతున్నారో అర్థం కాదు. ఈ బొంగురునే ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో హార్మోనిక్ డిస్టార్షన్ అంటారు. దీన్ని వదిలించే మార్గం కోసం ఆరేళ్లు కష్టపడి, ఆ మార్గం నిజమేనని పేటెంటు కార్యాలయం చేత ఒప్పించడానికి మరో పదేళ్లు ఓపిక పట్టిన ఒక ఇంజనీరు జీవితాన్ని ఈ సంచికలో మీకు పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్.

ఆయన గురించే ఎందుకు రాస్తున్నామో ముందు చెప్పాలి. ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా చదువుకున్న మేము ముగ్గురం ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. ప్రాజెక్టు కోసం మూడు దశల ఫిల్టర్ కట్టాం. మనిషి గొంతుకు కావలసిన ధ్వనులను వదిలి, 3,400 హెర్ట్జ్ పైనున్న వాటిని ఆపడం దాని పని. ఒక్క స్వరం పంపి చూస్తే ఆసిల్లోస్కోపు తెర మీద అల చక్కగా కనిపించింది. గొంతు పంపితే మాత్రం మన మైకు సెట్టు లాగానే గరగర. రెండు నెలలు తిప్పలు పడ్డాం. విడిభాగాలకు పెట్టిన స్కాలర్‌షిప్ డబ్బులు అయిపోయాయి. ఈ చదువు మన వల్ల కాదు, ఊరికి పోతానని మాలో ఒకడు ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. ఆ రోజుల్లో లైబ్రరీలో కంటపడిన జీవితం బ్లాక్‌ది. తరువాత ఏమైందో చివర చెబుతాం. ముందు ఆయన కథ వినండి.

బాల్యం, చదువు, మొదటి ఉద్యోగం

హెరాల్డ్ బ్లాక్ 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లియోమిన్‌స్టర్ అనే ఊళ్లో పుట్టాడు. దువ్వెనల తయారీకి పేరున్న చిన్న ఊరు అది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి 1921లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. అదే ఏడాది న్యూయార్క్ నగరం వెస్ట్ స్ట్రీట్‌లో ఉన్న వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరింగ్ విభాగంలో చేరాడు. జీతం వారానికి 32 డాలర్లు. ఈ విభాగమే 1925లో బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌గా మారింది.

చేరిన కొన్ని నెలలకే ఆయనకు ఒక దెబ్బ తగిలింది. తోటి ఉద్యోగుల్లో దాదాపు అందరికీ 10 శాతం జీతం పెంచారు, ఆయనకు పెంచలేదు. అవమానంగా అనిపించింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోవాలనుకున్నాడు. ఆ రాత్రంతా ఆలోచించాడు. తెల్లవారేసరికి మనసు మార్చుకున్నాడు. వెళ్లిపోవడం కంటే ఇక్కడ జరుగుతున్న పనిని అందరికంటే బాగా తెలుసుకోవడం మేలు అని నిశ్చయించుకున్నాడు. అప్పటి నుంచి ఆదివారాలు కూడా ఆఫీసుకు వెళ్లి పాత ఫైళ్లు తీసి చదవడం మొదలుపెట్టాడు. తాను పుట్టిన 1898 నాటి కాగితాల దగ్గర నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాడు. ఎవరూ చదవమని చెప్పలేదు. ఆ చదువు వల్లే కంపెనీకి అన్నిటికంటే పెద్ద సమస్య ఏమిటో ఆయనకు తెలిసింది.

వైరు ఒకటి, మాటలు ఎన్నో

ఆ సమస్య ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకుందాం. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోన్ లైను 1915లో మొదలైంది. అంత దూరం వెళ్లేసరికి మాట నీరసించిపోతుంది. అందుకని దారి మధ్యలో వాల్వులతో చేసిన ఆంప్లిఫయర్లు పెట్టి మాటకు మళ్లీ బలం ఇచ్చేవారు. ఒక వైరు మీద ఒకే సంభాషణ పోతే ఖర్చు గిట్టుబాటు కాదు. ఒకే వైరు మీద చాలా సంభాషణలు పంపడానికి క్యారియర్ పద్ధతి వచ్చింది. ఒక్కొక్క సంభాషణను ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ పట్టీలోకి ఎక్కించి పంపుతారు. అవతలి ఊళ్లో ఫిల్టర్లు పెట్టి దేనికదే వేరు చేస్తారు. రేడియోలో ఒక్కో స్టేషను ఒక్కో చోట పలికినట్టే ఇదీ.

ఇక్కడే చిక్కు వచ్చింది. వాల్వు ఆంప్లిఫయర్ ఇచ్చింది ఇచ్చినట్టు పెంచదు, కొద్దిగా వంకర చేస్తుంది. 10,000 హెర్ట్జ్ అలను పంపితే దానితో పాటు 20,000, 30,000 హెర్ట్జ్ అలలు కూడా కొద్దికొద్దిగా పుడతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. రెండు అలలు కలిపి పంపితే వాటి కూడికలు, తీసివేతల దగ్గర కూడా కొత్త అలలు పుడతాయి. ఇలా పుట్టినవి పక్క సంభాషణకు కేటాయించిన పట్టీలో పడితే ఆ సంభాషణలో గరగర మొదలవుతుంది. ఫిల్టర్ దాన్ని తీసేయలేదు. ఎందుకంటే ఫిల్టర్‌కు తెలిసింది ఏ ఫ్రీక్వెన్సీని వదలాలి, దేన్ని ఆపాలి అన్నది మాత్రమే. వదలవలసిన పట్టీలోనే చెత్త పడితే, బియ్యంతో పాటు బియ్యపు గింజంత రాయి జల్లెడ దాటినట్టు అదీ దాటిపోతుంది.

పైగా ఆంప్లిఫయర్ ఒక్కటి కాదు. దారి పొడవునా వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ తన వంతు వంకర కలుపుతూ పోతుంది. వేల మైళ్ల దూరం, వందల సంభాషణలు కావాలంటే వందల ఆంప్లిఫయర్లు వరసగా పెట్టాలి. అప్పటి వాల్వులతో అది జరిగే పని కాదని బ్లాక్ లెక్క వేసి తెలుసుకున్నాడు. తోటివాళ్లు వంకర తక్కువ చేసే వాల్వు తయారు చేయాలని చూస్తున్నారు. ఆయన కూడా మొదట్లో అదే దారిలో పోయాడు, ఫలితం రాలేదు.

ఒక ఉపన్యాసం చూపిన దారి

1923 మార్చిలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఉపన్యాసం వినడానికి బ్లాక్ వెళ్లాడు. స్టైన్‌మెట్జ్ పుట్టుకతోనే గూని ఉన్న మనిషి. జర్మనీ నుంచి వలస వచ్చి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరి, విద్యుత్ శాస్త్రంలో గొప్పవాడు అనిపించుకున్నాడు. ఎంత చిక్కు సమస్యనైనా మూలంలోకి వెళ్లి పట్టుకునే ఆయన పద్ధతి బ్లాక్‌కు బాగా నచ్చింది. ఇంటికి వచ్చి రాత్రి 2 గంటల దాకా కూర్చుని తన సమస్యను కొత్తగా రాసుకున్నాడు. వంకర లేని వాల్వు కావాలని ఇన్నాళ్లూ అడుగుతున్నాం. అసలు కావలసింది వంకర లేని ఫలితం కదా! వాల్వు వంకరగా ఉంటే ఉండనీ, బయటికి వచ్చేటప్పుడు వంకరను తీసేస్తే చాలు.

మర్నాడే ఒక పద్ధతి గీశాడు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చిన దాన్ని లోపలికి పంపినంత స్థాయికి తగ్గించి, అందులోంచి పంపిన అలను తీసివేస్తే మిగిలేది వంకర ఒక్కటే. ఆ వంకరను వేరే ఆంప్లిఫయర్‌తో పెంచి, అసలు ఫలితంలోంచి తీసివేయాలి. దీన్ని ఫీడ్‌ఫార్వర్డ్ అంటారు. కట్టి చూస్తే పనిచేసింది. కానీ తీసివేత సరిగ్గా కుదరాలంటే రెండు ఆంప్లిఫయర్లూ అణువంత తేడా లేకుండా ఉండాలి. వాల్వు వేడెక్కినా, బ్యాటరీ కొంచెం దిగినా లెక్క తప్పేది. గంట గంటకూ ఎవరో ఒకరు కూర్చుని సరిచేస్తూ ఉండాలి. ప్రయోగశాలలో సరే, అడవుల్లో ఎడారుల్లో ఉన్న వందల ఆంప్లిఫయర్ల దగ్గర రాత్రింబగళ్లు మనుషులను కూర్చోబెట్టడం సాధ్యం కాదు. తన పద్ధతి నిజమే అయినా పనికిరాదని ఆయనే ఒప్పుకున్నాడు. మరో నాలుగేళ్లు అదే సమస్యతో గడిపాడు.

1927 ఆగస్టు 2

ఆ రోజు మంగళవారం. రోజూ లాగే హడ్సన్ నది దాటి ఆఫీసుకు పోవడానికి బ్లాక్ హొబోకెన్ రేవులో లాంచీ ఎక్కాడు. మన గోదావరి రేవుల్లో లాంచీలు దాటించినట్టే అక్కడ ఆవిరి లాంచీలు జనాన్ని దాటించేవి. పొద్దుటి పూట నది మధ్యలో ఉండగా ఆయనకు ఉన్నట్టుండి ఆలోచన తట్టింది. బయటికి వచ్చిన అలలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, ఆంప్లిఫయర్ మొదట్లోనే తలకిందులుగా కలిపితే ఏమవుతుంది? పంపినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాను ఆంప్లిఫయర్ తనంతట తానే చూసుకుని సరిచేసుకుంటుంది. ఎవరూ కాపలా కూర్చోనక్కరలేదు. చేతిలో ఉన్నది న్యూయార్క్ టైమ్స్ పత్రిక. అందులో ఖాళీగా ఉన్న చోట బొమ్మ గీసి, సమీకరణాలు రాసి, సంతకం పెట్టాడు. ఆఫీసు చేరగానే తోటి ఉద్యోగి చేత సాక్షి సంతకం చేయించాడు.

ఈ పద్ధతికే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అని పేరు. ఇందులో నష్టం ఒకటి ఉంది. పెంచే శక్తిలో చాలా భాగం వదులుకోవాలి. ఒక లెక్క చూద్దాం. ఒక ఆంప్లిఫయర్ లక్ష రెట్లు పెంచగలదు అనుకోండి. బయటికి వచ్చిన దానిలో నూరో వంతు వెనక్కి తెచ్చి తలకిందులుగా కలిపితే అది సుమారు 100 రెట్లు మాత్రమే పెంచుతుంది. కానీ అంతే ఫలితం బయటికి వస్తున్నప్పుడు, దానిలోని వంకర సుమారు 1,000 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. వాల్వు పాతబడి లక్ష రెట్లు కాస్తా 50,000 రెట్లు అయినా, బయట మాత్రం ఇంచుమించు అదే 100 ఉంటుంది. ఎంత శక్తి వదులుకుంటే అంత స్వచ్ఛత, అంత నిలకడ. అప్పటి ఇంజనీర్లందరూ ఇంకా ఎక్కువ పెంచడం ఎలా అని చూస్తుంటే, ఈయన పెంచగలిగి కూడా కావాలని వదులుకోవడంలో లాభం చూశాడు.

అదే సంవత్సరం డిసెంబరు 29న చేసిన పరీక్షలో 4,000 నుంచి 45,000 హెర్ట్జ్ దాకా వంకర 50 డెసిబెల్స్ తగ్గింది. శక్తి లెక్కలో చెప్పాలంటే లక్షకు ఒకటి అన్నమాట.

నమ్మని లోకం

ఇంత జరిగాక అందరూ భుజం తట్టి ఉంటారని మీరు అనుకోవచ్చు. జరిగింది వేరు. బయటిది లోపలికి కలిపితే ఆంప్లిఫయర్ కీచుమని కూత పెడుతుందని అందరి అనుభవం. మైకు పట్టుకుని స్పీకరు ముందుకు పోతే వచ్చే కూత మనకూ తెలిసిందే. కాబట్టి పైఅధికారుల్లోనే నమ్మనివాళ్లు ఉన్నారు. మామూలు పద్ధతిలో ఆంప్లిఫయర్లు చేయమని ఆయనకు చెప్పారు. ఆయన మాత్రం తన పని మానలేదు.

1928 ఆగస్టు 8న పేటెంటుకు దరఖాస్తు పెడితే 1937 డిసెంబరు 21న వచ్చింది. తొమ్మిదేళ్లు పైనే పట్టింది. అప్పటి పుస్తకాల్లో ఉన్న జ్ఞానానికి ఇది విరుద్ధంగా ఉండడమే ఆలస్యానికి ఒక కారణం. బ్రిటన్ పేటెంటు కార్యాలయమైతే దీన్ని తనంతట తానే ఎప్పటికీ తిరిగే యంత్రం లాంటి వాదనగా చూసింది.

కూత భయం ఒట్టి భయం కాదు. ఆంప్లిఫయర్‌లో దశలు పెరిగేకొద్దీ అల ఆలస్యం అవుతూ వస్తుంది. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర తలకిందులుగా కలపవలసింది నిటారుగా కలుస్తుంది. అక్కడ ఇంకా పెంచే శక్తి మిగిలి ఉంటే కూత మొదలవుతుంది. ఎప్పుడు కూస్తుంది, ఎప్పుడు కూయదు అన్నది స్వీడన్ నుంచి వచ్చిన హ్యారీ నైక్విస్ట్ 1932లో గణితంతో తేల్చాడు. ఆ తరువాత హెండ్రిక్ బోడె డిజైను పద్ధతులు ఇచ్చాడు. మన సిలబస్‌లో ఉన్న నైక్విస్ట్ ప్లాట్, బోడె ప్లాట్ ఈ ఇద్దరివే. పరీక్ష కోసం బట్టీ పట్టే ఆ రెండు గ్రాఫుల వెనుక ఈ లాంచీ ప్రయాణం ఉందని మాకు అంతవరకు తెలియదు.

1930లో న్యూజెర్సీ రాష్ట్రం మోరిస్‌టౌన్ దగ్గర 70 ఆంప్లిఫయర్లు పెట్టి క్షేత్ర పరీక్ష చేశారు. మాట స్వచ్ఛంగా వచ్చింది. 1934 జనవరిలో బ్లాక్ తన పరిశోధన పత్రం ప్రచురించాడు. 1956లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిఫోన్ కేబుల్ మీద ఒకేసారి 36 సంభాషణలు నడిచాయంటే, నీటి అడుగున ఎవరూ ముట్టుకోలేని చోట పెట్టిన ఆంప్లిఫయర్లు తమను తాము సరిచేసుకోగలగడమే కారణం.

బ్లాక్ 1953లో మాడ్యులేషన్ థియరీ అనే పుస్తకం రాశాడు. 1963లో బెల్ లేబొరేటరీస్ నుంచి రిటైరయ్యాడు. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆయన పేరు చేరింది. 1983 డిసెంబరు 11న 85 ఏళ్ల వయసులో న్యూజెర్సీలోని సమ్మిట్‌లో కన్నుమూశాడు.

మా ఫిల్టర్ సంగతి

ఇప్పుడు మా ప్రాజెక్టుకు వద్దాం. మా ఫిల్టర్‌లో మూడు దశలు, దశకు ఒక 741 ఐసీ. 1968లో వచ్చిన ఈ ఐసీ బ్లాక్ చెప్పిన పద్ధతి లేకుండా ఇలాంటి పనికి రాదు. మూడు దశల క్యూ విలువలు 0.52, 0.71, 1.93. క్యూ ఎక్కువ ఉన్న దశ అంచు ఫ్రీక్వెన్సీ దగ్గర అలను పైకి ఎత్తుతుంది, తక్కువ ఉన్నవి దించుతాయి. మూడూ కలిస్తే సమంగా వస్తుంది. మేము తెలియక 1.93 దశను అన్నిటికంటే ముందు పెట్టాం.

3,200 హెర్ట్జ్ దగ్గర ఆ దశ రెండు రెట్లు పెంచుతుంది. మేము పంపింది 8 వోల్టుల అల. అంటే ఆ దశ 16 వోల్టులు ఇవ్వాలి. మా సప్లై 12 వోల్టులే. కాబట్టి అల తల తెగిపోయింది. అందులో పుట్టిన మూడో హార్మోనిక్ 9,600 హెర్ట్జ్. దాన్ని తరువాతి రెండు దశలు తీసేశాయి. అందుకే తెర మీద అల చక్కగా కనిపించింది. ఎత్తు తగ్గిందని గమనించలేదు, తప్పు మాదే. గొంతులో ఒక్క స్వరం ఉండదు. 2,800, 3,200 హెర్ట్జ్ కలిసి వచ్చి తల తెగితే 2,400 దగ్గర కొత్త అల పుడుతుంది. అది వదలవలసిన పట్టీలోనే ఉంది. ఇక ఏ ఫిల్టరూ దాన్ని తీయలేదు. బ్లాక్‌కు టెలిఫోన్ లైనులో ఎదురైన సమస్యే మా బ్రెడ్‌బోర్డు మీద ఎదురైంది.

వరస మార్చాం. తక్కువ క్యూ దశలు ముందు, 1.93 చివర. 4 వోల్టుల చొప్పున ఆ రెండు స్వరాలూ కలిపి పంపితే ముందు పద్ధతిలో మొదటి దశ 15 వోల్టులు దాటవలసి వచ్చేది. ఇప్పుడు చివరి దశలో కూడా సుమారు 7 వోల్టులే వచ్చాయి. గరగర పోయింది. కొత్త విడిభాగం ఒక్కటి కూడా కొనలేదు.

ఈ లైనులోకి వచ్చే తమ్ముళ్లకు మరో మూడు మాటలు. బ్లాక్ మందు పనిచేయాలంటే వదులుకోవడానికి మిగులు శక్తి ఉండాలి. 741కు 1,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 1,000 రెట్లు ఉన్న శక్తి 10,000 దగ్గర 100కు పడిపోతుంది. కాబట్టి పైకి పోయేకొద్దీ వంకర పెరుగుతుంది. రెండోది, అది సెకనులో పది లక్షో వంతుకు అర వోల్టు కంటే వేగంగా కదలలేదు. 10 వోల్టుల అలను 10,000 హెర్ట్జ్ దగ్గర అడిగితే 0.63 కావాలి, అక్కడ అల త్రికోణంగా మారుతుంది. మూడోది, చౌక రకం సిరామిక్ కెపాసిటర్ల విలువ వోల్టేజిని బట్టి మారుతుంది. సిగ్నలు దారిలో ఫిల్మ్ కెపాసిటర్లు పెట్టండి. ఏ దశలో పుట్టిన వంకరను ఆ దశలోనే ఆపాలి. తరువాతి దశ చూసుకుంటుందని వదిలేస్తే మాలాగే రెండు నెలలు పోతాయి.

పెట్టె సర్దుకున్న మా మిత్రుడు ఊరికి పోలేదు. బ్లాక్‌కు జీతం పెంచని రాత్రి గురించి చదివింది వాడే. మర్నాడు పొద్దున మమ్మల్ని లేపి, ఒక్కొక్క దశ దగ్గరా విడివిడిగా కొలుద్దాం రమ్మని ల్యాబుకు తీసుకుపోయిందీ వాడే. తెగిన అల తల మొదటి దశ దగ్గర ముందుగా చూసిందీ వాడే.

తమ్ముళ్లారా! మనలో చాలామందికి ఇంటి నుంచి బయలుదేరినప్పుడే మన వల్ల కాదన్న మాట చెవిలో పడి ఉంటుంది. ఆ మాట మొదటి దశలోని వంకర లాంటిది. దాన్ని అక్కడే సరిచేసుకోకపోతే ప్రతి దశలోనూ మనతో పాటే పెరుగుతుంది. చేసిన పనిని వెనక్కి తెచ్చి, అనుకున్న పనితో పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే సిగ్గుపడకండి, సరిచేసుకోండి. ఈ ఏడాది వార్షికోత్సవానికి మైకు సెట్టు దగ్గర మేమే కూర్చుంటాం. వాల్యూమ్ ఎంతవరకు పెంచాలో ఇప్పుడు మాకు తెలుసు.